నా సవతి పేరు జిగురు

మా ఆయన ఓడీల్ గురించి ఊళ్ళో ఎవరినడిగినా మంచివాడనే చెబుతారు. గొంతు పెంచడు, తాగి పడిపోడు, ఎవరి జోలికీ పోడు. నన్నడిగితే వేరే చెబుతాను. ఆయనతో కాపురం చేసింది నేను, ఊరు కాదు కదా.

మిల్లులో మగ్గాలు బాగుచేసే పని ఆయనది. ఆ మిల్లు మూతపడేదాకా చేశాడు, తర్వాత ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో అంటే వంటింట్లో నా ఎదురుగా కాదు, నేలమాళిగలో. పెళ్ళయిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది, ఈ ఇంటికి నాకంటే ముందే ఒకతె కాపురానికి వచ్చిందని. కింద రేకు డబ్బాల్లో ఉంటుంది. మూత తీస్తే ఇల్లంతా కంపు. మొదటి రాత్రి ఆయన చేతులకి ఆ వాసనే వచ్చింది, సబ్బు అరిగిందే కానీ వాసన పోలేదు. సవతులంటే చీర కట్టుకునే వస్తారా ఏమిటి? నా సవతి పేరు జిగురు.

సైకిలు పందేల జిగురు అది. మామూలు సైకిలు టైరయితే రిమ్ము అంచుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. పందేలవాళ్ళది అలా కాదు. ట్యూబుని గుడ్డలో పెట్టి చుట్టూ కుట్టేస్తారు. గుండ్రటి ఆ కుట్టు టైరుని రిమ్ము మీద జిగురుతో అతికిస్తారు. పట్టి ఉంచేది జిగురొక్కటే, ఇంకేమీ లేదు. అది వదిలిందంటే మలుపులో చక్రం ఒకవైపు పోతుంది, మనిషి ఒకవైపు పోతాడు. సైకిలు పందేలంటే పడిచచ్చే మా ఫ్లాండర్స్ ప్రాంతంలో నడక రాని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చక్రాలు భుజాన వేసుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. వచ్చినవాడి చేతిలోంచి చక్రం వెంటనే తీసుకునేవాడు కాదు మా ఆయన. ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు. పందెం ఎక్కడ? రోడ్డా, బురదా, చెక్క ట్రాకా? నీ బరువెంత? దిగుడులో బ్రేకు పట్టుకుని వేలాడతావా, వదిలేస్తావా? ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఏ రోజూ అన్ని ప్రశ్నలు అడగలేదు. నాకు ఏ కూర ఇష్టమో ఇప్పుడడిగినా చెప్పలేడు. ఎవడో దారిన పోయే కుర్రాడి బ్రేకు అలవాటు మాత్రం గుర్తుంటుంది.

అన్నీ విన్నాక జిగురు ఎంచేవాడు. గెంట్‌లో చెక్క ట్రాకు మీద తొక్కేవాడికి స్పిరిట్‌లో కరిగించిన లక్క. అది గట్టిగా పడుతుంది, టైరు వెంట్రుకంత కదలదు, వేగం వస్తుంది. కానీ అదే లక్క రాళ్ళ దారిలో, చలిలో పెళుసుబారి పలుకులుగా రాలిపోతుంది. రోడ్డు మీద తొక్కేవాడికి ఎర్ర జిగురు. ఆ ఎర్రది ఎన్నటికీ పూర్తిగా ఎండదు. దారిలో పంచరైతే పాత టైరు పీకేసి కొత్తది నొక్కినా ఆ తడికే పట్టుకుంటుంది. అలా పీకడానికి వేలు దూరాలని వాల్వుకి సరిగ్గా ఎదురుగా బొటనవేలంత మేర జిగురు రాయకుండా వదిలేవాడు. ఇక బురద పందేలకి తేనె రంగు జిగురు, దాని మీద నూలు పట్టీ, పట్టీ మీద మళ్ళీ జిగురు. ప్రతి డబ్బానీ తెరిచి వాసన చూసి, రెండు వేళ్ళ మధ్య పెట్టి తీగపాకం చూసినట్టు సాగదీసి చూసేవాడు. అలాంటప్పుడు ఆయన మొహం చూడాలి. నేను పెళ్ళిబట్టల్లో చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు.

కడుపు మండేది. ఎందుకు దాచాలి? మండేది. నేను రొట్టెల కొట్లో పొద్దంతా నిలబడి వచ్చి కుందేలు మాంసం, ఎండు రేగుపళ్ళు వేసి గంటల తరబడి ఉడికిస్తే, పైకి వచ్చి తిని, "బాగుంది" అని మళ్ళీ కిందికి పోయేవాడు. ఉప్పు మరిచిపోయిన రోజు కూడా బాగుందనే అన్నాడు. ముక్కు నిండా జిగురు వాసన ఉన్నవాడికి నా కూర ఏం తెలుస్తుంది?

వేర్లె పుట్టినప్పుడు మాత్రం ఇక నా రోజులు వచ్చాయనుకున్నాను. ఆడపిల్ల, ఒక్కతే పిల్ల. మొగుడిని సవతి పట్టుకుపోయింది, పోనీ, కూతురు నాది అనుకున్నాను. దానికి జడలు వేశాను, కుట్టు నేర్పబోయాను. ఏం లాభం? బడి నుంచి రాగానే సంచీ విసిరేసి నేలమాళిగ మెట్ల మీద కూర్చునేది. గడ్డం మోకాళ్ళ మీద పెట్టుకుని తండ్రి చేతులే చూసేది. పద్నాలుగో ఏట బురద పందేల్లో దిగింది. బురదలో, ఇసకలో సైకిలు తొక్కడం, తొక్కలేనిచోట భుజాన వేసుకుని పరిగెత్తడం, అదీ ఆట. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటే విన్నదా? ఆదివారం ఆదివారం దాని బట్టలు ఉతికే చేతులు నావి, చప్పట్లు కొట్టే చేతులు ఆయనవి.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆ పిల్లకి కూడా నా గతే పట్టించాడు. కుంచె ముట్టనిచ్చేవాడు కాదు. తొక్కే చెయ్యి జిగురు కుంచె పట్టకూడదని ఆయన నియమం. ఆయనకి నేర్పినవాడిది కూడా అదేనట. తన టైరు తానే అతికించుకున్నవాడికి ప్రతి మలుపులోనూ అనుమానం వస్తుంది, ఇక్కడ పూత పల్చగా పడిందా, అక్కడ ఆరిందా అని. అనుమానం వస్తే చెయ్యి బ్రేకు మీదికి పోతుంది. బ్రేకు పడితే పందెం పోతుంది. కాబట్టి తొక్కేవాడు తొక్కాలి, అతికించేవాడు అతికించాలి. వేర్లె ఎన్నిసార్లు బతిమాలినా, "నువ్వు కాళ్ళు చూసుకో, చేతులు నేను చూసుకుంటా" అనేవాడు. పిల్ల మెట్ల మీదే ఉండిపోయింది. పెద్దదై, పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ, వేరే ఇంట్లో ఉంటూ కూడా శనివారం వచ్చి ఆ మెట్ల మీదే కూర్చునేది.

ఇలా ఉండగా, మొన్నటి శరదృతువులో దాని జట్టువాళ్ళు కొత్త చక్రాలిచ్చారు. అల్యూమినియం కాదు, నల్లటి కార్బన్ రిమ్ములు. మా ఆయన వాటిని గోటితో కొట్టి చూసి, ప్లాస్టిక్ గిన్నెలన్నాడు. ఆ నల్ల రిమ్ములకి వేరే జిగురు వచ్చిందని, పాత తేనె జిగురు వాటిని సరిగ్గా కరవదని వేర్లె చెప్పింది. విన్నాడా? ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. తన తేనె జిగురే రాశాడు. చేతి అలవాటు కొద్దీ వాల్వుకి ఎదురుగా ఆ బొటనవేలంత ఖాళీ కూడా వదిలాడు. బురద చక్రానికి ఆ ఖాళీ ఎందుకు? బురదలో గాలి తక్కువ పెట్టి తొక్కుతారు, ఆ సందులోంచి నీళ్ళు దూరి జిగురుని లేపేస్తాయి. పాత రిమ్ముల మీద ఏదో నడిచిపోయింది. కొత్తవాటి మీద రెండో పందెంలోనే ఇసక మలుపులో ముందు టైరు ఊడింది. వేర్లె ముఖం మీద పడి పెదవి పగిలింది.

గాలి మరీ తక్కువ పెట్టావని మా ఆయన దాన్నే తప్పుపట్టాడు. మరుసటి వారం చక్రాలు మా ఇంటికి రాలేదు, పక్క ఊరి యోరిస్ దగ్గరికి వెళ్ళాయి.

ఈ యోరిస్ జట్ల వెంట వ్యానులో తిరిగే మెకానిక్కు. లావుపాటి మనిషి, పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, గ్యారేజీలో ఎప్పుడూ రేడియో మోగుతుంటుంది. కొత్త జిగురు వాడతాడు. ఆ పేరు చెబితే మా ఆయన కళ్ళలో నిప్పులు పోసుకునేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు ఉంది దీని వరస అని గొణిగేవాడు. కెఫెలో పోస్టుమాన్ నెస్టర్ ఊరుకుంటాడా? "ఓడీల్, జిగురు మార్చిన పిల్ల రేపు పార్టీ కూడా మారుస్తుంది, చూసుకో" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ రోజు బీరు సగంలో వదిలేసి వచ్చాడు. మా ఆయన బీరు వదిలేసి రావడం నేను చూడలేదు అంతకుముందు.

తర్వాత కుక్కని షికారు తిప్పడం మొదలుపెట్టాడు. మాకు కుక్క లేదు. పక్కింటి జూలియెన్ కుక్కని అడిగి తీసుకుని, వానలో కూడా, పక్క ఊరిదాకా నడిపించుకు పోయేవాడు. ఎందుకో నాకు తెలియదనుకున్నాడు. యోరిస్ గ్యారేజీ ఆ దారిలోనే ఉంది. లోపల ఏ డబ్బాలున్నాయో, కుంచె ఎలా పడుతున్నాడో కిటికీలోంచి కనబడుతుందేమోనని ఆయన ఆశ. పాపం, ఆ కుక్క వచ్చి నాలుగు కాళ్ళూ చాచి పడుకునేది.

జాలి పడ్డానా? లేదు. నాకు ఎంత హాయిగా ఉండిందో చెబితే మీరు నన్ను రాక్షసి అంటారు, అనండి. కంటికి కనబడని మనిషి మీద కుళ్ళుకోవడం ఎలా ఉంటుందో, అవతల మనకంటే ఎక్కువ ప్రేమ దొరుకుతోందని ఊహించుకుంటూ అన్నం తినడం ఎలా ఉంటుందో ఆయనకి ఇన్నాళ్ళకి తెలిసింది. నేను బఠాణీ సూపు వడ్డిస్తూ వడ్డిస్తూ, యోరిస్ టైర్లు అతికించడానికి ఏదో కొత్త టేపు తెప్పించాడట కదా అని ఒక మాట వదిలేదాన్ని. చెంచా గిన్నెలోనే ఆగిపోయేది.

అసలు ఆనందం అది కూడా కాదు. నేలమాళిగకి పోవలసిన పని లేక, వేర్లె శనివారాలు నా వంటింట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. మా ఆయన కుక్కతో బయటికి పోయేవాడు, మేమిద్దరమే. ఉల్లిపాయలు తరిగిపెట్టేది. ఆసుపత్రి కబుర్లు చెప్పేది, ఎవరి ఆవు ఈనలేక ఎంత అవస్థపడిందో, డాక్టరు ఎలా తిట్టాడో. తను ఎవరితోనో తిరిగి మానేసిందని కూడా చెప్పింది, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇంత మాటకారి నా కడుపున పుట్టిందా అనుకున్నాను. శుక్రవారం సాయంత్రమే బియ్యం పాయసం పోసిన తీపి రొట్టె చేసిపెట్టేదాన్ని, అది దానికి ప్రాణం.

క్రిస్మస్‌కి ముందు ఒక శనివారం అది కప్పు పట్టుకుంటే వేళ్ళ మధ్య ఏదో సాగింది. చెయ్యి లాక్కుని చూశాను. గోళ్ళ చుట్టూ జిగురు. నాకా వాసన తెలియదా? గిన్నెలో కాస్త నూనె పోసి, దాని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలూ రుద్దడం మొదలుపెట్టాను. అది చిన్నపిల్లలాగా చెయ్యి ఇచ్చి కూర్చుంది. యోరిస్ అతికిస్తే నీ చేతికెందుకు అంటిందని అడిగాను.

"యోరిస్ కాదమ్మా. నేనే అతికిస్తున్నా. మొదటి నుంచీ నేనే."

"మరి ఆయనేం చేస్తాడు?"

"పక్కన కూర్చుని బంగాళాదుంప చిప్స్ తింటాడు. నేను తప్పు చేస్తే దగ్గుతాడు. మొదటి రోజే కుంచె చేతికిచ్చేశాడు. ఇంకేమీ అడగలేదు."

అప్పుడు అర్థమైంది నాకు, పిల్ల చక్రాలు ఎందుకు మా ఇల్లు వదిలి పోయాయో. జిగురు కోసం కాదు. పెదవి పగిలినందుకూ కాదు. ఇంకొకడు కుంచె ఇచ్చాడు, తండ్రి ఇవ్వలేదు, అంతే. భయం వేయడం లేదా అని అడిగాను, మలుపుల్లో అనుమానం రాదా అని. ఇదివరకైతే వచ్చేది, ఇప్పుడు పోయింది అంది. టైరు కింద ఏముందో తనకి తెలుసట, వేలు వేలుకీ తెలుసట.

"నాన్నకి చెప్పకు. ఇప్పటికే పందెం పందేనికీ పందెం దారి గేటు దగ్గర నిలబడి వణికిపోతాడు. నీకు మాత్రమే చెప్తున్నా."

నీకు మాత్రమే. ఆ మాట ఎంత బరువో తెలుసా? నా నోట్లో నువ్వుగింజ నానదని కొట్లో వాళ్ళందరూ అనేవారు. అలాంటి నేను ఆ మాటని చలికాలమంతా కడుపులో దాచుకున్నాను. మా ఆయన రోజూ యోరిస్‌ని తిట్టుకుంటూ నా ఎదురుగా కూర్చుంటే, నాకు తెలిసింది నీకు తెలియదు అని లోపల్లోపల మురిసిపోయాను. మొదటిసారి ఆ నేలమాళిగ కంటే నా వంటింటికి ఎక్కువ తెలుసు. మొదటిసారి కూతురు నాది.

ఫిబ్రవరిలో మా ఊళ్ళోనే పందెం వచ్చింది. నది ఒడ్డున గడ్డి పొలాల్లో దారి కట్టారు, చర్చి వీధిలో గుడారాలు వేశారు, వేయించిన బంగాళాదుంపల బండ్లు వచ్చాయి. వారం రోజుల నుంచీ వాన. మా ఇల్లు దగ్గర కదా అని వేర్లె శుక్రవారమే సైకిలు, బురద చక్రాలు మా ఇంట్లో పెట్టి, శనివారం పొద్దున డ్యూటీకి పోయింది. రెండో జత చక్రాలున్నాయి కానీ వాటివి ఎండు నేల టైర్లు, ఆ వానలో పనికిరావు.

నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. కింద నుంచి ఒక చప్పుడు వచ్చింది, తడిబట్ట చింపినట్టు. ఆగింది. మళ్ళీ వచ్చింది. దానితోపాటు మా ఆయన మూలుగు. కింద పడ్డాడేమోనని కత్తి వదిలేసి లేచేసరికి ఆయనే పైకి వచ్చాడు. ఒక చేతిలో ముందు చక్రం, ఇంకో చేతిలో టైరు. బొటనవేళ్ళు రెండూ గీరుకుపోయి ఉన్నాయి.

బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నేను అడగకుండానే చెప్పాడు. ఊరికే చూద్దామనుకున్నాడట. అతికిన చక్రాన్ని మెకానిక్కులు బొటనవేళ్ళతో నెట్టి చూస్తారు, అంచు లేస్తుందా లేదా అని. నెడితే లేవలేదట. ఇంకాస్త గట్టిగా నెట్టాడు, లేవలేదు. వాల్వుకి ఎదురుగా ఖాళీ కోసం వెతికాడు, లేదు. ఎక్కడో ఒకచోట యోరిస్ తప్పు చేసి ఉంటాడు, అది దొరకాలి, దొరికితే వేర్లెకి చూపించాలి. గాలి తీసేశాడు. చక్రాన్ని మోకాలి కింద అదిమిపెట్టి లాగాడు. అంతవరకూ వచ్చాక ఇక ఆగలేకపోయాడు. జిగురు వదల్లేదు. టైరు అడుగున కుట్టు మీద అంటించి ఉండే గుడ్డ పట్టీ చిరిగి, సగం రిమ్ము మీదే ఉండిపోయింది. టైరు ఇక దేనికీ పనికిరాదు. మర్నాడు పందెం.

రిమ్ము మీద ఆ గుడ్డ పీచుని వేలితో చుట్టూ తడిమాడు.

"యోరిస్ చెయ్యి మంచిది," అన్నాడు చివరికి. "నా చెయ్యి కంటే మంచిది."

ఆయన నోట ఇంకో మనిషి చెయ్యి మంచిదన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. మంచి పెళ్ళామైతే ఆ భుజం మీద చెయ్యి వేసి ఊరుకునేది. నాకు మాత్రం చలికాలమంతా నాలుక చివర ఉన్న మాట ఇంక ఆగలేదు. ఈ దెబ్బ మీద ఆ దెబ్బ కూడా పడితేనే, నేనేమిటో, నాకేం దక్కిందో ఈయనకి తెలుస్తుందనిపించింది.

"అది యోరిస్ చెయ్యి కాదు. వేర్లెది. క్రిస్మస్ ముందు నుంచీ అన్నీ అదే అతికిస్తోంది. నాకు చెప్పింది. నీకు చెప్పొద్దంది."

చివరి రెండు మాటలూ కావాలనే నిదానంగా అన్నాను. ఆయన తల పట్టుకుంటాడనుకున్నాను. నీకెందుకు చెప్పింది, నాకెందుకు చెప్పలేదు అని అడుగుతాడనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అదేమీ అడగలేదు.

"మొదటి పూత కూడానా?" అన్నాడు. కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ పెట్టుకుని రిమ్ముని కిటికీ వెలుగులో పట్టాడు. "ఈ అంచు కూడా తనదేనా? చూడు, అంచు దాటి ఒక్క చుక్క పడలేదు." నేను అక్కడ ఉన్నట్టే లేదు ఆయనకి.

మధ్యాహ్నం వేర్లె వచ్చింది. వానకోటు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, బల్ల మీద ఉన్నవి చూసి ఆగిపోయింది. మా ఆయన లేచి నిలబడ్డాడు. సాకులు చెబుతాడేమో, పాత టైరు పాడైంది అంటాడేమో అనుకున్నాను.

"నేనే పీకాను," అన్నాడు. "యోరిస్ మీద కడుపు మంటతో. నీదని తెలియదు. ఇప్పుడే మీ అమ్మ చెప్పింది."

వేర్లె నా వైపు తిరిగింది. "చెప్పేశావా అమ్మా," అంది. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు బాగా గుచ్చుకుంది, కోపమైనా లేదు. రేపు పందెం ఉంది, ఇంత పని చేశాడు, ఇప్పుడు అరుస్తుంది, తండ్రి మీద తలుపు విసిరికొట్టి నా దగ్గరికి వస్తుంది అని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే కోరుకున్నాను. అది కోటు బొత్తాలు విప్పుతూ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఎలా వచ్చింది? జిగురు వదిలిందా, గుడ్డ చిరిగిందా?"

"గుడ్డ చిరిగింది. జిగురు ఎక్కడా వదల్లేదు. మోకాలి కింద పెట్టి లాగాను, అయినా వదల్లేదు."

"నిజంగా?"

"నువ్వే చూడు."

పెదవి బిగబట్టి చూసింది. నవ్వాలా ఏడవాలా తెలియనట్టు ఉంది దాని మొహం. మెట్ల మీద కూర్చున్న రోజుల నుంచీ ఆ పిల్ల దేనికోసం కాచుకుని ఉందో అది దొరికింది. అది కూడా నా వంటింట్లో, నా బల్ల మీదే దొరికింది. ఇద్దరి తలలూ ఆ చక్రం మీదికి వంగాయి. ముక్కులు ఒకేలా ఉంటాయి వాళ్ళవి, నా ముక్కు కాదు.

మర్నాటి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీరు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. టైరు ఊడలేదు. వేర్లె ఐదోదిగా వచ్చింది, మా ఊళ్ళో దానికి అంత మంచి స్థానం ఎప్పుడూ రాలేదు. గేటు దగ్గర మా ఆయన వణకలేదు, పెద్ద గొంతు వేసుకుని అరిచాడు. ముగింపు దగ్గర ఎవరో చక్రాలు ఎవరు అతికించారని అడిగితే, "నేనూ నాన్నా" అంది. యోరిస్ కూడా వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. అందరూ సంతోషమే.

ఆ శనివారం మాత్రం టైము లేదు. రిమ్ము మీది గుడ్డ పీచంతా గోటితో, చెక్క పుల్లతో గీకాలి, కార్బన్ గీరుకుపోకూడదు. కొత్త పూత ఆరాలి. సాయంత్రానికి టైరు ఎక్కించి రాత్రంతా ఉంచాలి. మా ఆయన కింద చీకటి గదిలో పాత రిమ్ము మీద ఏళ్ళ తరబడి వేలాడదీసి మాగబెట్టిన మంచి నూలు టైరొకటి ఉంది, బురదకి పనికొచ్చేదే. ఎవరొచ్చి అడిగినా ఇవ్వలేదు దాన్ని. అది తీశాడు. డబ్బాలన్నీ వరసగా పెట్టాడు, ఏది రాద్దాం అని అడిగాడు. ఆ ప్రశ్న ఆయన అడిగించుకున్నది చూశాను కానీ, ఆయన ఇంకొకరిని అడగడం చూడలేదు. వేర్లె తన సంచిలోంచి యోరిస్ దగ్గరి కొత్త డబ్బా తీసింది. ఆయన మూత తీసి, వాసన చూసి, వేళ్ళ మధ్య సాగదీశాడు. మొహం చిట్లించాడు. అయినా సరే అన్నాడు. వాల్వుకి ఎదురుగా ఖాళీ వదలాలా అంటే, వద్దు నాన్నా అంది. దానికీ సరే అన్నాడు. కుంచె తీసి, పిడి దాని వైపు తిప్పి ఇచ్చాడు.

ఇదంతా మీకెలా తెలుసంటారా? నేను కాఫీ పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను మరి. రెండు కప్పులు, తీపి రొట్టె ముక్కలు రెండు. పైన వంటింట్లో నా కప్పు కూడా పోసి పెట్టాను, ఇద్దరూ పైకి వస్తారేమో, ముగ్గురం కూర్చుంటామేమో అని. కింద దీపం దగ్గర వేర్లె కుంచె ముంచి పూత మొదలుపెట్టింది. మా ఆయన చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతున్నాడు, దాని చేతి వేగానికి సరిగ్గా సరిపోయేట్టు. ఆయన ఒకసారి దగ్గాడు, అది చెయ్యి కొంచెం ఎత్తింది. ఆ కంపు మెట్ల దాకా వస్తోంది. ఆ చేతుల్లో ఒక చేతిని నేను ఒళ్ళో పెట్టుకుని నూనె రాశాను, వేలు వేలూ రాశాను. ఈసారి ఎవరు రుద్దుతారో అనుకున్నాను, కింద మా ఆయన దగ్గర జిగురు వదిలించే స్పిరిట్ సీసా ఉంది.

ట్రే పట్టుకుని ఇంకో మెట్టు దిగాను. పైనుంచి గాలి నా వెనకే వచ్చినట్టుంది. దీపం కొంచెం ఊగింది. వేర్లె తలెత్తలేదు, చెయ్యి ఆపలేదు.

"అమ్మా, తలుపు వెయ్యి. పూత మీద దుమ్ము పడుతుంది."

ట్రే పై మెట్టు మీద పెట్టి తలుపు వేశాను. బయటి వైపు నుంచే వేశాను.